ఏఆర్‌పీ స్పూఫింగ్ పరీక్ష: సమస్యలు - పరిష్కారాలు

నెట్‌వర్క్‌లో ఒక ఐపీ అడ్రస్ ఏ మ్యాక్ అడ్రస్‌ది (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) అని కనుక్కునే పద్ధతి ఏఆర్‌పీ. దానికి తప్పుడు జవాబులిచ్చి ప్యాకెట్లను తన వైపు మళ్లించుకోవడమే ఏఆర్‌పీ స్పూఫింగ్. మీ ఆపరేటింగ్ సిస్టమ్ దీన్ని ఎంతవరకు తట్టుకుంటుందో చూడటానికి మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి) చాలు: రౌటర్‌గా ఒకటి, పరీక్షించాల్సిన సిస్టమ్ ఒకటి, దాడి చేసేది ఒకటి. మూడింటినీ బయటితో సంబంధం లేని ఇంటర్నల్ నెట్‌వర్క్‌లోనే ఉంచండి. నలుగురూ వాడే వైఫైలో, అనుమతి లేకుండా ఇది చేయనే వద్దు.

సమస్య: దాడి మొదలవగానే రౌటర్‌కు పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) ఆగిపోయింది.
కారణం: సిస్టమ్ దాడిని అడ్డుకుందని చాలామంది ఇక్కడే పొరబడతారు. నిజానికి ఓడిపోయింది. ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అడ్రసో సిస్టమ్ రాసుకున్న జాబితా) తెరిస్తే రౌటర్ ఐపీ పక్కన దాడి మెషీన్ మ్యాక్ అడ్రస్ ఉంటుంది. దాడి మెషీన్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన ప్యాకెట్లను ముందుకు పంపడం) ఆఫ్‌లో ఉండటంతో ప్యాకెట్లు దాన్ని దాటడం లేదు.
పరిష్కారం: ఫార్వర్డింగ్ ఆన్ చేసి మళ్లీ పరీక్షించండి.

సమస్య: మీ సిస్టమ్ టేబుల్‌లో రౌటర్ ఎంట్రీ ఇట్టే మారిపోతోంది.
కారణం: 1982లో ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన ఏఆర్‌పీలో, జవాబిచ్చింది ఎవరో నిర్ధారించుకునే ఏర్పాటే లేదు. లినక్స్‌లో ‘ఏఆర్‌పీ యాక్సెప్ట్’ సెట్టింగ్ సున్నాగా ఉన్నా, అది అడగకుండా వచ్చిన ప్రకటనలతో కొత్త ఎంట్రీలు పుట్టకుండా ఆపుతుందంతే. ఉన్నవి మారుతూనే ఉంటాయి.
పరిష్కారం: రౌటర్ ఎంట్రీని పర్మనెంట్‌గా పెట్టండి. లినక్స్‌లో రీబూట్ చేస్తే అది పోతుంది కాబట్టి స్టార్టప్ స్క్రిప్టులో చేర్చండి.

సమస్య: పర్మనెంట్ ఎంట్రీ చెక్కుచెదరలేదు, అయినా దాడి మెషీన్‌కు ప్యాకెట్లు అందుతున్నాయి.
కారణం: అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దాడి మెషీన్‌లో టీసీపీడంప్ (ప్యాకెట్లను చూపే టూల్) నడిపి చూడండి. పింగ్ రిక్వెస్టులు కనిపించవు. రిప్లైలు మాత్రం రెండేసిసార్లు కనిపిస్తాయి, వస్తూ ఒకసారి, ముందుకు పోతూ ఒకసారి. అంటే మోసపోయింది రౌటర్ టేబుల్. మీ సిస్టమ్ ఎంత గట్టిదైనా, తాను పంపే దారినే కాపాడుకోగలదు. (వర్చువల్ నెట్‌వర్క్‌లో ప్రామిస్క్యువస్ మోడ్‌ను, అంటే ఇతరుల ప్యాకెట్లనూ చూడనిచ్చే పద్ధతిని, అనుమతించి ఉంటే స్పూఫింగ్ లేకుండానే అన్నీ కనిపిస్తాయి. ముందు దాన్ని ఆపండి.)
పరిష్కారం: రౌటర్‌లోనూ మీ సిస్టమ్ ఎంట్రీని స్థిరంగా పెట్టండి. పెద్ద నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కూ అలా పెట్టుకుంటూ పోలేం. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఏ మెషీన్‌కు ఏ ఐపీ ఇచ్చారో నమోదు చేసేది)తో పాటు డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (ఆ నమోదుతో ఏఆర్‌పీ జవాబులను సరిచూసేది) ఆన్ చేయడమే సరైన పని. అది కుదరనిచోట టీఎల్‌ఎస్, ఎస్‌ఎస్‌హెచ్, వీపీఎన్ లాంటి ఎన్‌క్రిప్షన్ వాడితే, ప్యాకెట్లు దారి మళ్లినా లోపలి సమాచారం చదవడం కుదరదు.

సమస్య: రెండు ఐపీలకు ఒకే మ్యాక్ అడ్రస్.
కారణం: ప్రతిసారీ దాడే కానక్కర్లేదు. ప్రాక్సీ ఏఆర్‌పీ (ఒక మెషీన్ తరఫున మరొకటి జవాబివ్వడం) ఉన్నా, ఒకే కార్డుకు రెండు ఐపీలు ఇచ్చినా ఇలాగే కనిపిస్తుంది.
పరిష్కారం: దాడికి ముందే టేబుల్‌ను ఫైల్‌లో సేవ్ చేసుకుని, తర్వాతి దానితో పోల్చండి.

ఐపీవీ6 (ఐపీ కొత్త వెర్షన్) ఆన్‌లో ఉంటే, ఎన్‌క్రిప్షన్ తప్ప ఈ ఏఆర్‌పీ రక్షణలేవీ దానికి వర్తించవు. అది ఏఆర్‌పీ బదులు అదే పని చేసే నెయిబర్ డిస్కవరీని వాడుతుంది, దాన్నీ స్పూఫ్ చేయవచ్చు. కాబట్టి పరీక్ష విడిగా చేయండి.