రీఫర్బిష్డ్ ఫోన్‌కి డబ్బు కట్టేముందు

రీఫర్బిష్డ్ అంటే వాడిన ఫోన్‌ని బాగుచేసి మళ్లీ అమ్మేది. ముందుగా చూడాల్సింది ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు. మిగతావన్నీ దీని తర్వాతే.

• ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల నంబరు వస్తుంది. డబ్బా మీద, బిల్లు మీద ఉన్నదీ అదేనా చూడండి. తర్వాత మీ మొబైల్ నుంచి కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపండి. ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్టెడ్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే బేరం అక్కడితో ఆపేయండి. ఎంత చవకైనా సరే, దొంగ ఫోన్ టెన్షన్ మనకెందుకు?

• పాత ఓనరు గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ తీసేశారా? అమ్మేవాళ్ల ముందే రీసెట్ చేయించి, మీరే మొదటినుంచి సెటప్ చేయండి. పాత పాస్‌వర్డ్ అడిగితే ఆ ఫోన్ వద్దు. "రేపు తీయించి పెడతాం సార్" అంటే రేపే కొనండి.

• ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు చూడండి. మొదటి అక్షరం ఎఫ్ అయితే కంపెనీ రీఫర్బిష్ చేసినది, ఎన్ అయితే రీప్లేస్‌మెంట్‌గా ఇచ్చినది. ఎం ఉంటే కొత్తగా అమ్మిన ఫోనే, తర్వాత బయట షాపులో బాగుచేసి ఉండొచ్చు. బ్యాటరీ హెల్త్ (కొత్తదానితో పోలిస్తే మిగిలిన సామర్థ్యం) 80 శాతం లోపుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

• సిమ్ వేసి కాల్ చేయండి. కెమెరా, స్పీకర్, చార్జింగ్ కూడా.

• జీఎస్టీ బిల్లు, దాని మీద ఐఎంఈఐ, వారంటీ ఎన్ని నెలలో రాతపూర్వకంగా. నోటిమాట వారంటీ లెక్కలోకి రాదు.

• ఆన్‌లైన్లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.