లీవర్ యాక్షన్ రైఫిల్‌కి స్ట్రెయిట్ వాల్ తూటాలు రీలోడ్ చేయడం ఎలా మొదలుపెట్టాలి

రీలోడింగ్ అంటే కాల్చిన తూటా తాలూకు ఖాళీ గొట్టంలో (కేస్) కొత్త ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ (ముందు ఎగిరిపోయే ముక్క) పెట్టి మళ్లీ తూటా చేయడం. లీవర్ యాక్షన్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ దగ్గరి లీవర్ తిప్పితే తర్వాతి తూటా ఎక్కే గన్. ఇదంతా అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం ఆర్మ్స్ యాక్ట్ కింద నేరం, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇక్కడైనా హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే గన్ ఒక్కటే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ లా ఒప్పుకోదు, వ్యాలిడ్ హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ లాయర్ని అడగకుండా వాటిని నమ్ముకుని దిగకండి. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి, గన్ పెట్టుకోడానికి వేరే అడ్డు లేకపోతే సొంత వాడకానికి రీలోడ్ చేసుకోడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, చేసి అమ్మాలంటే మాత్రం కావాలి. స్టేట్ రూల్స్ వేరే ఉండొచ్చు, అవీ చూస్కోండి.

స్ట్రెయిట్ వాల్ అంటే కేస్ అడుగు నుంచి మూతి దాకా దాదాపు నిటారుగా ఉంటుంది, .30-30 లాగా పైన భుజం కట్టి సన్నబడదు. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్, 45-70 ఇవన్నీ ఈ రకమే. ఒహాయోలో 2014 నుంచి డీర్ గన్ సీజన్లో స్ట్రెయిట్ వాల్ రైఫిళ్లు ఒప్పుకుంటున్నారు, అందుకే అటువైపు ఉన్నవాళ్లలో చాలామంది లీవర్ గన్ కొంటారు, కొన్నాక ఫ్యాక్టరీ 45-70 బాక్స్ రేటు చూసి రీలోడింగ్ గురించి అడుగుతారు.

నా సలహా అయితే మొదట .357తో నేర్చుకోండి. బ్రాస్ (ఖాళీ కేసులు) ఈజీగా దొరుకుతుంది, పౌడర్ తక్కువ పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా కార్బైడ్ డై (కేస్‌ని నొక్కి సైజుకి తెచ్చే గట్టి అచ్చు) వాడితే కేస్‌కి లూబ్ (జారడానికి రాసే జిడ్డు) రాయక్కర్లేదు. 45-70కి కొంచెం టేపర్ (పైకి వెళ్లేకొద్దీ సన్నబడటం) ఉంటుంది, ఎక్కువగా స్టీల్ డైలే వస్తాయి, లూబ్ రాయాలి, మర్చిపోతే కేస్ డైలో ఇరుక్కుపోయి రోజంతా పోతుంది.

డబ్బులు పెట్టే ముందు ఒక మంచి రీలోడింగ్ మాన్యువల్ కొనండి. లైమన్, హార్నడీ, స్పీర్ ఎవరిదైనా పర్లేదు, రెండు ఉంటే ఇంకా మంచిది, ముందు భాగం మొత్తం చదివాకే ప్రెస్ (డై బిగించి కేస్‌ని నొక్కే యంత్రం) ఆర్డర్ పెట్టండి. నేను ఇక్కడ పౌడర్ ఎంత వేయాలో ఒక్క నంబర్ కూడా ఇవ్వట్లేదు, కావాలనే. ఆ నంబర్ మాన్యువల్ నుంచో పౌడర్ కంపెనీ డేటా నుంచో రావాలి గానీ ఎవరో ఆన్‌లైన్లో రాసింది చూసి వేయకూడదు.

సామాను విషయానికొస్తే సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒకే పని చేసేది), కార్బైడ్ డై సెట్, కేస్ అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్, పౌడర్ స్కేల్, క్యాలిపర్, చేత్తో ప్రైమర్ పెట్టే టూల్, కేసులు నిలబెట్టే లోడింగ్ బ్లాక్, కేస్ ట్రిమ్మర్, తప్పుగా తయారైన తూటాని విప్పడానికి సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్, కళ్లకి రక్షణగా ఉండే కళ్లజోడు. ప్రోగ్రెసివ్ ప్రెస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అందులో ఒకేసారి నాలుగైదు పనులు జరుగుతుంటాయి, కొత్తవాళ్ల కన్ను అన్నిటి మీదా ఉండదు.

పని వరస ఇది. కాల్చిన కేసులు ఒక్కొక్కటి వెలుతురులో చూడండి, మూతి దగ్గర చీలిక ఉంటే పడేయండి. టంబ్లర్లో వేసి శుభ్రం చేయండి, ఆ దుమ్ములో లెడ్ ఉంటుంది కాబట్టి ఇంట్లో పిల్లలు తిరిగే చోట వద్దు, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. మొదటి డై పాత ప్రైమర్ని తోసేసి కేస్‌ని మళ్లీ సైజుకి తెస్తుంది. అన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేయండి, .357కి గరిష్ఠం 1.290 అంగుళాలు. రెండో డై మూతిని కాస్త విప్పుతుంది, బుల్లెట్ అడుగు అందులో నిలబడితే చాలు, ఎక్కువ విప్పితే బ్రాస్ తొందరగా చీలుతుంది. తర్వాత ప్రైమర్, అది కేస్ అడుగుకి సమానంగానో కొద్దిగా లోపలికో ఉండాలి, వేలితో తడిమి చూడండి, పైకి తగిలితే ఆ కేస్ పక్కన పెట్టేయండి.

పౌడర్ వేసేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉండాలి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. .357 కేస్ పెద్దది, కొన్ని పౌడర్లు అందులో అడుగున కొంచెమే కనిపిస్తాయి, రెండుసార్లు వేసినా పొంగదు, కాల్చినప్పుడు గన్ పేలిపోతుంది. అందుకే కేసులన్నీ బ్లాక్‌లో నిలబెట్టి, పౌడర్ వేశాక టార్చ్‌తో ప్రతి కేస్‌లోకీ చూడండి, ఏదైనా ఎత్తుగానో ఖాళీగానో అనిపిస్తే మళ్లీ తూచండి. మామూలుగా గరిష్ఠానికి పది శాతం తగ్గించి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి, అయితే హెచ్110, విన్చెస్టర్ 296 అనే పౌడర్ల (పేర్లు వేరైనా రెండూ ఒకటే) విషయంలో అలా తగ్గించకూడదు, వాటి కంపెనీ హాడ్జ్‌డన్ మూడు శాతం మించి తగ్గించొద్దంటుంది, తక్కువైతే సరిగ్గా మండక బుల్లెట్ బ్యారెల్లోనే ఆగిపోవచ్చు. మొదటి పౌడర్‌గా అది వద్దనే నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతి. రివాల్వర్‌కి బాగా పనిచేసిన తూటా లీవర్ గన్‌లో పనిచేయాలని లేదు. ట్యూబ్ మ్యాగజైన్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి, ముందున్నదాని ప్రైమర్‌కి వెనకదాని ముక్కు ఆనుకుని ఉంటుంది. గట్టి మొన ఉన్న బుల్లెట్ పెడితే రీకాయిల్‌కి (కాల్చినప్పుడు గన్ వెనక్కి తన్నడం) ఆ ప్రైమర్ పేలే ప్రమాదం ఉంది, కాబట్టి ముక్కు చదునుగా ఉన్న బుల్లెట్లే వాడండి. హార్నడీ కంపెనీ ఎఫ్‌టీఎక్స్ బుల్లెట్‌కి మొన మెత్తటి పాలిమర్‌తో ఉంటుంది, అది ఓకే, కానీ దానికి కేస్‌ని పొట్టిగా ట్రిమ్ చేయాలి, 45-70లో అయితే 2.105 కాకుండా 2.040 అంగుళాలు.

ఇంకోటి క్రింప్. స్ప్రింగ్ తోపు, రీకాయిల్ కలిసి బుల్లెట్‌ని కేస్ లోపలికి నెడుతుంటాయి, లోపలికి వెళ్తే ప్రెషర్ పెరుగుతుంది. బుల్లెట్ నడుము మీద ఉండే గాడిలోకి కేస్ మూతి మడిచే రోల్ క్రింప్ వేయాలి. కేసులు ఒకే పొడవు లేకపోతే కొన్నిటికి గట్టిగా, కొన్నిటికి వదులుగా పడుతుంది, ట్రిమ్ చేయమని పైన అన్నది ఇందుకే. సెట్‌లో వచ్చే చివరి డైతో బుల్లెట్ కూర్చోబెట్టడం, క్రింప్ ఒకేసారి చేయొచ్చు గానీ విడివిడిగా చేస్తే చాలా శుభ్రంగా వస్తుంది, విడి క్రింప్ డై కొనుక్కోండి.

మొత్తం పొడవు .357కి 1.590 అంగుళాలు దాటకూడదు. పొడవైతే తూటా పైకి లేవదు, మరీ పొట్టిదైతే వెనకది కూడా సగం జారి వచ్చి యాక్షన్ జామ్ అవుతుంది. అందుకే ముందు పౌడర్, ప్రైమర్ లేకుండా కొన్ని డమ్మీలు చేసి, గదిలో అసలు తూటా ఒక్కటీ లేదని చూస్కుని, లీవర్ తిప్పి చూడండి. ప్రతి రైఫిల్‌కి దాని ఇష్టం దానికి ఉంటుంది.

తర్వాత 45-70కి వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇది 1873 నాటి తూటా, పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఒక డేటా, మార్లిన్ 1895 లాంటి కొత్త లీవర్ గన్స్‌కి ఇంకోటి, రూగర్ నంబర్ 1కి మూడోది, మాన్యువల్లో వేర్వేరు పేజీల్లో ఉంటాయి. పేజీ పైన ఏం రాసుందో చూడకుండా నంబర్ తీసుకోవద్దు.

పౌడర్ దాని అసలు డబ్బాలోనే ఉంచండి, ప్రైమర్లు వాటి అసలు ప్యాకింగ్‌లోనే, వేడికీ నిప్పుకీ దూరంగా, తాళం వేసి.

రేంజ్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్కొక్క తూటానే వేసి కాల్చండి. శబ్దం నీరసంగా వచ్చినా, దెబ్బ తేలిగ్గా తగిలినా వెంటనే ఆపి, గన్ ఖాళీ చేసి, బ్యారెల్లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడండి, ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. ఈ పొడవాటి బ్యారెళ్లలో మరీ తేలిక లోడ్, అందులో జాకెటెడ్ (రాగి తొడుగున్న) బుల్లెట్ అయితే ఇలా ఆగిపోయే అవకాశం ఎక్కువ. అంతా బాగుంటే మ్యాగజైన్ నింపండి, చివరి రెండు తూటాల పొడవు ముందే కొలిచి మార్క్ చేసి పెట్టుకోండి, మిగతావి కాల్చాక వాటిని తీసి మళ్లీ కొలవండి. పొట్టి అయ్యాయంటే క్రింప్ సరిపోలేదని అర్థం, ఆ బ్యాచ్‌లో మిగిలినవి కాల్చకుండా ఇంటికి తెచ్చి విప్పేసి, డై సరిచేసి మళ్లీ చేయండి.