టాట్, రెవ్ పేపర్ మీ నెత్తిన పడిందా? ఇలా చదవండి

బెంగళూరులో జేఆర్‌ఎఫ్‌గా చేరిన మనవాళ్లకు (జూనియర్ రీసెర్చ్ ఫెలోలకు) జర్నల్ క్లబ్, అంటే అందరి ముందు ఒక పేపర్ విడమరిచి చెప్పడం అంటేనే టెన్షన్, అందులో హెచ్ఐవీ జీన్ ఎక్స్‌ప్రెషన్ పేపర్ అంటగట్టారంటే ఇక నిద్ర పట్టదు. రాత్రంతా కూర్చుని టాట్, రెవ్ లాంటి వైరస్ ప్రోటీన్ల పేర్లు బట్టీ పడతారు, తీరా అడిగేది కణం గురించి. అందుకే వైరస్‌ని పక్కన పెట్టి కణం దగ్గర మొదలుపెట్టండి.

ఒక కాగితం మీద టి కణం (హెచ్ఐవీ సోకే తెల్ల రక్తకణం) కేంద్రకం గీయండి. వైరస్ డీఎన్ఏ అప్పటికే మన క్రోమోజోమ్‌లో కలిసిపోయి ఉంది, దాని మొదట్లో ఎల్‌టీఆర్, అంటే వైరస్ జీన్లను ఆన్ చేసే స్విచ్ లాంటి భాగం. ఆ డీఎన్ఏని చదివి ఆర్ఎన్ఏ తయారుచేసేది మన ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2. కణం ఉత్తేజితమైతే ఎన్ఎఫ్ కప్పా బి అనే మన ప్రోటీన్ వచ్చి ఎల్‌టీఆర్ మీద కూర్చుంటుంది. మన దేశంలో ఎక్కువగా ఉండే సబ్‌టైప్ సి రకం వైరస్‌లో అది కూర్చునే చోట్లు సాధారణంగా మూడుంటాయి, అమెరికాలో ఎక్కువగా ఉండే బిలో రెండు. నాలుగున్న రకాల మీద జక్కూరు జేఎన్‌సీఏఎస్ఆర్ పరిశోధన సంస్థ వాళ్లే పనిచేశారు, ఊళ్లో పని వదిలేసి మాట్లాడితే బాగుండదు.

ఇక అసలు కథ. పాలిమరేజ్ బయల్దేరుతుంది, కొద్ది దూరానికే ఎన్ఈఎల్ఎఫ్, డీఎస్ఐఎఫ్ అనే కణం ప్రోటీన్లు పట్టి ఆపేస్తాయి, హెబ్బాళ్ ఫ్లైఓవర్ ఎక్కీ ఎక్కగానే ఆగిన బండిలాగా. అప్పటికి తయారైన ఆర్ఎన్ఏ ముక్క మొదట్లోని 59 న్యూక్లియోటైడ్లు హెయిర్‌పిన్‌గా మడత పడతాయి, అదే టార్. వైరస్ ప్రోటీన్ టాట్ దాని బల్జ్‌ని (పక్కకి ఉబ్బిన చోటుని) పట్టుకుంటుంది, తనతో వచ్చిన మన ప్రోటీన్ సైక్లిన్ టి1 లూప్‌ని (కొసన ఉన్న వంపుని) పట్టుకుంటుంది. సైక్లిన్ టి1 పక్కనే సీడీకే9 అనే ఎంజైమ్, ఈ రెండూ కలిస్తే పి-టెఫ్ బి. మామూలుగా దీన్ని చాలావరకు 7ఎస్‌కే ఆర్ఎన్ఏ, హెక్సిమ్1 అనే ప్రోటీన్ కట్టేసి ఉంచుతాయి, టాట్ దాన్ని అక్కణ్ణుంచి లాక్కొస్తుంది. సీడీకే9 ఫాస్ఫేట్లు తగిలించగానే ఎన్ఈఎల్ఎఫ్ తప్పుకుంటుంది, పాలిమరేజ్ చివరిదాకా పరిగెడుతుంది, ఇంకా టాట్ పుడుతుంది.

‘మరి మొదటి టాట్ ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. టాట్ లేకున్నా కొన్ని పాలిమరేజ్‌లు ఎలాగో దాటిపోతాయి, అంతే. ఇంకో ప్రశ్న ఎలుక కణాల్లో టాట్ ఎందుకు సరిగా పనిచేయదని. మన సైక్లిన్ టి1లో 261వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లం సిస్టీన్, ఎలుకలో టైరోసిన్. నాకైతే ఈ మొత్తం సబ్జెక్టులో ఇంత ముచ్చటైన ఫలితం ఇంకోటి లేదు.

రెండో వైరస్ ప్రోటీన్ రెవ్ సులువే. ఇంట్రాన్ (కత్తిరించి తీసేయాల్సిన భాగం) మిగిలున్న ఆర్ఎన్ఏని కేంద్రకం బయటికి పోనివ్వదు కాబట్టి ముందు పూర్తిగా కత్తిరించినవే బయటపడి టాట్, రెవ్, నెఫ్ ఇస్తాయి. తర్వాత రెవ్ లోపలికొచ్చి ఆ ఆర్ఎన్ఏలోని ఆర్ఆర్ఈ అనే చోట గుంపుగా చేరి, బయటికి మోసే మన ప్రోటీన్ సీఆర్ఎమ్1 సాయంతో పొడవాటి ఆర్ఎన్ఏలను దాటిస్తుంది. గ్యాగ్, ఎన్వ్ అనే వైరస్ నిర్మాణ ప్రోటీన్లు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

ఫిగర్లు చూసేటప్పుడు కాస్త అనుమానంగా చూడండి. ఎల్‌టీఆర్ లూసిఫరేజ్ (ఎల్‌టీఆర్ పనిచేస్తే వెలుగిచ్చేలా పెట్టిన జీన్) వాడితే అది క్రోమోజోమ్‌లో ఉందా, ఉత్త ప్లాస్మిడ్డా (విడిగా ఉండే డీఎన్ఏ వలయమా)? ప్లాస్మిడ్ అయితే క్రోమాటిన్ (డీఎన్ఏ ప్రోటీన్లకు చుట్టుకున్న అమరిక) ప్రభావం సరిగా తెలియదు, నిద్రాణ వైరస్ గురించి పెద్ద మాటలు చెప్పే పేపరైతే ఇక్కడే దొరికిపోతుంది. ఫ్లావోపిరిడాల్ అనే మందుతో సీడీకే9ని ఆపితే కణం సొంత జీన్లు కూడా ఆగుతాయి, కాబట్టి తగ్గింది వైరస్ ఒక్కటేనా అని చూడండి, కంట్రోల్ లేకపోతే ఆ మాట మొహమాటపడకుండా మీరే ముందు అనేయండి.