లీస్‌బర్గ్ పాత చరిత్ర తవ్వాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

యాష్‌బర్న్, స్టెర్లింగ్ వైపు మనోళ్ళు చాలామందే ఉన్నారు కదా, వాళ్ళ ఇళ్ళ రిజిస్ట్రేషన్ కాగితాలన్నీ ఉండేది లీస్‌బర్గ్‌లోనే, వర్జీనియాలో లౌడన్ కౌంటీకి అది జిల్లా కేంద్రం లాంటిది. పిల్లల స్కూల్ ప్రాజెక్ట్ కోసమో, ఊరికే ఇంట్రస్ట్ కొద్దో దాని పుట్టుక తెలుసుకోవాలంటే బోర్డులు చదివి ఆగిపోకండి, భూమి కాగితాలు పట్టుకోండి.

ముందు కింగ్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ కలిసే చోట నిలబడండి. దక్షిణానికి పోయే పాత కరోలినా రోడ్డూ, అలెగ్జాండ్రియా నుంచి పడమటికి కొండలు దాటి వించెస్టర్ పోయే రోడ్డూ కలిసింది ఇక్కడే. 1757లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నుంచి లౌడన్‌ని విడగొట్టారు, కోర్టు ఈ కూడలికొచ్చింది, నికొలస్ మైనర్ అనే ఆయన ఇక్కడున్న తన 60 ఎకరాలు 70 ప్లాట్లుగా కొట్టించాడు, అచ్చం వెంచర్ వేసినట్టే! మొదట్లో రాజు పేరు మీద జార్జ్ టౌన్ అన్నారు, 1758లో అసెంబ్లీ చట్టం చేసి లీస్‌బర్గ్ అని ఖాయం చేసింది. ఈ లీ అంటే అమెరికా సివిల్ వార్ (1861-65) జనరల్ రాబర్ట్ లీ అనుకునేరు, ఆయన పుట్టిందే 1807లో, ఇది అంతకు ముందు తరాల లీ కుటుంబం.

తర్వాత కోర్టు క్లర్క్ ఆఫీసుకి వెళ్ళండి. 1757 నుంచి దస్తావేజులు అక్కడే ఉన్నాయి, సివిల్ వార్‌లో వర్జీనియాలో చాలా కౌంటీల రికార్డులు తగలబడిపోతే ఇక్కడి క్లర్క్ జార్జ్ ఫాక్స్ వీటిని దూరంగా క్యాంప్‌బెల్ కౌంటీకి తరలించి కాపాడాడు. అమ్మినోళ్ళ పేర్లకో ఇండెక్స్, కొన్నోళ్ళ పేర్లకో ఇండెక్స్ ఉంటాయి, మైనర్ పేరు అమ్మినోళ్ళలో చూసుకుంటూ పోతే మొదటి ప్లాట్లు ఎవరు కొన్నారో దొరుకుతుంది.

1757 కంటే ముందుది కావాలంటే ఇక్కడ వెతికి లాభం లేదు, తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయినట్టే ఇక్కడా విడగొట్టుకుంటూ వచ్చారు కాబట్టి ఫెయిర్‌ఫాక్స్‌లో చూడాలి, 1742కి ముందైతే ప్రిన్స్ విలియమ్‌లో. అప్పట్లో ఈ ప్రాంతం భూములన్నిటికీ సొంతదారు లార్డ్ ఫెయిర్‌ఫాక్స్, ఆయన ఇచ్చిన అసలు గ్రాంట్లు (భూమి పట్టాలు) లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్‌లో ఫ్రీగానే చూడొచ్చు. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త, 1752కి ముందు వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న, అంటే కాగితంలో 1740 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1741.

వీలునామాలు, చనిపోయినోళ్ళ ఆస్తి లిస్టులు మాత్రం వదలొద్దు. ఆవులు, మంచాల పక్కనే బానిసలుగా పెట్టుకున్న మనుషుల పేర్లూ, వాళ్ళకి కట్టిన ధరలూ రాసుంటాయి, చదవడానికి కష్టంగానే ఉంటుంది. 1774 జూన్‌లో బ్రిటిష్ పన్నుల మీద తీర్మానం చేసింది ఈ కోర్టులోనే, మనుషుల్ని వేలం వేసిందీ ఈ కోర్టు మెట్ల మీదే, రెండూ ప్రాజెక్ట్‌లో పెట్టండి. (ఇప్పుడు కనిపించే బిల్డింగ్ మాత్రం 1890లలో కట్టింది.)

పాత చేతిరాత అర్థం కాకపోతే దగ్గర్లోనే థామస్ బాల్చ్ లైబ్రరీ ఉంది, ఇప్పుడది ప్రత్యేకంగా లోకల్ హిస్టరీ లైబ్రరీ, అక్కడ అడగండి. ప్రతి కాగితానికీ బుక్ నంబర్, పేజీ నంబర్ రాసి పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ మొదటికే.