కీ తిప్పితే టక్‌మని ఆగిపోతోందా?

ఇళ్ళూ మనుషులూ కనపడని దారిలో కారు స్టార్ట్ కాలేదు, కీ తిప్పితే టక్‌మని ఒకటే శబ్దం. వెనక పిల్లల గోల. రెండు గంటలు టెన్షన్ పడ్డాక బానెట్ ఎత్తితే, బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చగా తెల్లగా పొడి పేరుకుని ఉంది. దానికి వైరును పట్టి ఉంచే క్లాంపు చేత్తోనే కదులుతోంది!

కీ తీసేసి, ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ ఊడదీయండి. చాలా కార్లకు 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగా తుడవండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఆ పొడి చేతికి అంటకూడదు, ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. స్పానర్ ఒకేసారి రెండు టెర్మినళ్ళకూ తగలకూడదు.

శుభ్రం చేశాక కూడా హెడ్‌లైట్లు మసకగానే వెలిగితే బ్యాటరీలో ఛార్జ్ లేనట్టే, అప్పుడు జంప్ స్టార్ట్ (వేరే బండి బ్యాటరీకి కేబుళ్ళతో కలిపి స్టార్ట్ చేయడం) చేయాల్సిందే. స్పానర్, బ్రష్, సోడా పొట్లం ఇప్పుడు మా డిక్కీలోనే ఉంటున్నాయి.