ఊరి పక్కన పెద్ద కంపెనీ ఉంటే, ఊరికి పని ఎలా చేయించుకోవాలి

మీ ఊరి దగ్గర పామాయిల్ ఫ్యాక్టరీయో, చక్కెర మిల్లో, పెద్ద విత్తనాల కంపెనీయో ఉందా? అయితే వాళ్ల దగ్గరికి చేతులు కట్టుకుని వెళ్లకండి, మీరు అడిగేది దానం కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల నికర లాభం గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. దీన్నే సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత అంటారు.

ముందు ఫోన్లో కాస్త వెతకండి. కంపెనీ సీఎస్ఆర్ విధానం వాళ్ల వెబ్‌సైట్లో ఉండాలి, ఎంత ఖర్చు పెట్టారో వార్షిక నివేదికలో ఉంటుంది. అందులో మీ జిల్లా పేరే లేకపోతే, వెళ్లి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇక ఏం అడగాలి? జాతరకు కంపెనీ పేరుతో ఫ్లెక్సీలు, టెంట్లు వేయిస్తే అది ప్రచారమే, సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేయడం కూడా అంతే, అది వేరే చట్టం కింద వాళ్లు ఎలాగూ చేయాల్సిన పని, దాన్ని ఊరికి చేసిన మేలుగా చూపిస్తే ఒప్పుకోకండి. తాగునీరు, బడి, వైద్యం, చెరువు పూడిక తీయించడం లాంటివి అడగండి.

మా ఊళ్లో ఒక కంపెనీ వాటర్ ప్లాంట్ పెట్టింది. ప్రారంభం రోజు 20 లీటర్ల క్యాన్లకు కూడా పూలదండలు వేశారు. ఏడాదిన్నరకు నీటిని వడకట్టే మెంబ్రేన్ పోయింది, మార్పించే డబ్బు ఎవరు పెట్టాలో ఏ కాగితం మీదా లేదు, గదికి తాళం పడింది, ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని చేతిపంపు దగ్గరికే. ఆ తాళం ఇప్పుడు తుప్పు పట్టి తాళంచెవి కూడా దూరదు, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే చెబుతున్నా, పని కంటే ముందు నిర్వహణ సంగతి తేల్చండి. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు, కాబట్టి పంచాయతీ తీసుకుంటుందా, డ్వాక్రా సంఘం తీసుకుంటుందా, క్యాన్‌కి ఎంత వసూలు చేయాలి, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మిగిలిన డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో వేయాలి, అన్నీ రాసుకోండి.

అర్జీ ఒక్క పేజీ దాటనివ్వకండి. గ్రామసభ తీర్మానం, ఇంజనీరు వేసిన ఎస్టిమేట్, నాలుగు ఫోటోలు, ఎన్ని ఇళ్లకు ఉపయోగమో జత చేయండి. ఒక కాపీ ఫ్యాక్టరీ మేనేజర్‌కి ఇచ్చి రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి, ఇంకొకటి హెడ్డాఫీసుకు పంపండి. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలోనే వెళ్లడం మంచిది. మధ్యలో ఏదైనా స్వచ్ఛంద సంస్థ వచ్చి పని మేం చేయిస్తాం అంటే, సీఎస్ఆర్ పనులు చేయడానికి కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు చూపే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

పని పూర్తయి ఫోటోకి పిలిస్తే సంతోషంగా వెళ్లండి, కానీ రిబ్బన్ కత్తిరించే ముందే ఆ నిర్వహణ కాగితం మీద సర్పంచ్ సంతకం, మేనేజర్ సంతకం రెండూ పడేలా చూడండి.