నూరువరహాల ఆకులు పసుపెక్కితే: మా దగ్గర పనిచేసిన పద్ధతి

చెన్నైలో బోరు నీళ్లతో నూరువరహాలు పెంచేవాళ్లు చాలామంది అడుగుతున్నారని రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ ప్రహరీ వెంట ఉన్న వరసలో కొత్త చిగుళ్లు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. యూరియా, వర్మీకంపోస్టు, వేపనూనె, ఏదీ పనిచేయలేదు.

నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పాలిపోతాయి. ఇక్కడ అవి బాగానే ఉన్నాయి, లేతాకులే పసుపెక్కాయి. అంటే ఇది చాలావరకు ఇనుము లోపమే. మట్టిలో ఇనుమున్నా, సున్నం, కఠినమైన బోరు నీళ్ల వల్ల క్షారగుణం పెరిగితే వేళ్లు దాన్ని తీసుకోలేవు. మా మొక్కల మొదళ్లలో సిమెంటు పెచ్చులు, మట్టి మీద తెల్లటి పొర కనిపించాయి.

ముందు ఆ పెచ్చులు ఏరి, పైమట్టి గీకి తీసేశాం. తర్వాత నేలను బాగా తడిపి, ఇనుమును వేళ్లకు అందే రూపంలో ఉంచే మందు, ఈడీడీహెచ్ఏ రకం చీలేటెడ్ ఐరన్‌ను ప్యాకెట్ మీది మోతాదులో కలిపి, సాయంత్రం మొదళ్లలో పోశాం. ఎండ తగిలితే అది పాడవుతుంది. కొనేటప్పుడు రకం తప్పకుండా చూడండి: చవగ్గా దొరికే ఈడీటీఏ రకం, పీహెచ్ 7 దాటిన (అంటే క్షారగుణమున్న) మట్టిలో నిలవదు. ఆపైన ఎండుటాకులు పరిచి, వీలైనప్పుడల్లా ఏసీ నీళ్లు, వాన నీళ్లు పోశాం. ఆర్వో వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

తర్వాతి చిగుళ్లు ముదురు ఆకుపచ్చగా వచ్చాయి. బాగా పాలిపోయిన పాత ఆకులు కోలుకోలేదు. నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లినా, వేళ్లకు నులిపురుగులు (నెమటోడ్లు) పట్టినా ఆకులు ఇలాగే కనిపించవచ్చు. అప్పుడు ఇది పనిచేస్తుందని చెప్పలేను. ఒక మొక్క మొదట్లో తవ్వి వేళ్లు చూశాకే మందు కొనండి.